తరగతి గదిలో తెర: సందేహాలు - సమాధానాలు

నాకు 58 ఏళ్లు. మా హైస్కూల్లో గోడకు పెద్ద ప్యానెల్ బిగించారు. శిక్షణకు వెళ్లొచ్చాను గానీ బస్సు దిగేసరికే అంతా మరిచిపోయాను. మొన్న పాఠం మధ్యలో వేలు తగిలి ఏదో మెనూ తెరుచుకుంది. మూయడం రాలేదు. పిల్లలు నవ్వారు. ఆ రాత్రంతా నిద్ర లేదు. వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేద్దామా అనిపిస్తోంది.
– సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు ఆ వాలంటరీ ఆలోచన పక్కన పెట్టండి. కొత్త వస్తువు ముందు వేలు తడబడేది వయసు వల్ల కాదు, అలవాటు లేక. పాతికేళ్ల టీచర్లకూ మొదటి నెల ఇదే తంతు. ఒక నెలపాటు మూడే పనులు చేయండి: తెర వెలిగించడం, ఖాళీ వైట్‌బోర్డు తెరిచి రాయడం, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న మ్యాపు పెద్దది చేయడం. ఆ మ్యాపు మీద వంశధారను ఒడిశా కొండల నుంచి కళింగపట్నం దాకా మీ వేలితో గీస్తూ తీసుకురండి, ఆ పీరియడ్‌కి అంతకు మించిన హంగు అక్కర్లేదు. ఎక్కడైనా ఇరుక్కుంటే "దీన్ని మూసెయ్యరా" అని ముందు బెంచీ వాడికి అప్పజెప్పండి. వాడికి అదో గొప్ప, మీకు కాస్త ఊపిరి.

పిల్లల నవ్వు గురించి కూడా చెబుతాను. ఒకసారి నా ఫోన్‌ని తెరకు కలిపి టీచర్లకు శిక్షణ ఇస్తుంటే, "వంకాయలు పుచ్చులు వచ్చాయి, వచ్చేటప్పుడు బెండకాయలు తే" అని మా అత్తగారి వాట్సాప్ మెసేజ్ అరవై మంది ముందు పడింది. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నోటిఫికేషన్లు ఆపనిదే ఫోన్ కలపను. మీరూ పిల్లలతో కలిసి నవ్వేయండి.

•

మా బాబు నాలుగో తరగతి. రోజూ ఆ పెద్ద తెర ముందే కూర్చోబెడుతున్నారు. దాన్నుంచి రేడియేషన్ వస్తుందని మా పక్కింటావిడ అంటోంది. వాడి కళ్లు ఏమైపోతాయోనని దిగులుగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: దిగులు పడకమ్మా, ఎక్స్‌రే మిషన్ నుంచి వచ్చే రకం కిరణాలు ఈ తెరలోంచి రావు. వెలుగు విషయంలో అది మీ ఇంటి టీవీకి పెద్దక్క, అంతే. తెర చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువగా ఆర్పుతాం కాబట్టి కళ్లు మండటం, నీరు కారడం మామూలే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. కిటికీ బయట వేపచెట్టు ఉంటే సరిపోతుంది. రోజూ పగటి వెలుతురులో ఆడుకునే పిల్లలకు దూరపు చూపు మందగించే అవకాశం తక్కువ. అందుకే నా దృష్టిలో ఆటల పీరియడ్ కోసేయడం తెర కంటే పెద్ద ప్రమాదం. పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతున్నా, బోర్డు చూడటానికి కళ్లు చికిలిస్తున్నా, సాయంత్రమయ్యేసరికి రోజూ తలనొప్పి అంటున్నా ఆలస్యం చేయకుండా కళ్లు పరీక్ష చేయించండి.

•

నేను బయాలజీ చెబుతాను. వీడియో వేస్తే తరగతి సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. సంతోషపడ్డాను. తీరా ఫార్మేటివ్ పరీక్షలో గుండె గురించి అడిగితే సగం మంది పేజీ ఖాళీగా ఇచ్చారు. నా బోధనలోనే లోపముందా?
– కొత్తగా చేరిన ఉపాధ్యాయిని, నంద్యాల

జవాబు: లోపం మీలో లేదమ్మా, ఆ నిశ్శబ్దాన్ని నమ్మడంలో ఉంది. మేమందరం ఒకప్పుడు నమ్మినవాళ్లమే. కళ్లు తెర మీద ఉన్నంత మాత్రాన బుర్ర పాఠంలో ఉన్నట్టు కాదు. సినిమా చూసొచ్చినవాళ్లకు పాటలు గుర్తుంటాయి గానీ కథ వరస అడిగితే తడుముకుంటారు చూడండి, ఇదీ అలాంటిదే.

రేపు ఇలా చేసి చూడండి. ఏడు నిమిషాల వీడియో వేసి, కుడి జఠరిక ముడుచుకోగానే ఆపేయండి. "ఈ రక్తం ఇప్పుడెక్కడికి పోతుంది?" అని అడగండి. ఎవర్నీ నోరు తెరవనివ్వకండి, ముందు నోట్‌బుక్కులో ఒక్క ముక్క రాయమనండి. చాలామంది "ఒళ్లంతా పోతుంది" అని రాస్తారు. పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి, అప్పుడు మళ్లీ నడపండి. రక్తం ఊపిరితిత్తులకు వెళ్లడం కళ్లారా చూసి, "అరె, తప్పు రాశానే" అనుకున్న పిల్లకు అది ఇక మరుపుకు రాదు. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఎందుకుంటుందన్న తికమకా అక్కడే తేలుతుంది.

రెండోసారి శబ్దం తీసేసి వేయండి. ఒకమ్మాయిని ముందుకు పిలిచి క్రికెట్ కామెంటరీలాగా తన మాటల్లో చెప్పమనండి. ఎక్కడ నత్తి కొడుతుందో అక్కడ మీ పాఠం మొదలవ్వాలి. చివరి పది నిమిషాలు తెర ఆర్పేసి, మణికట్టు మీద వేళ్లు పెట్టించి నాడి లెక్కపెట్టించండి. గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు పరుగెత్తించి మళ్లీ లెక్కపెట్టించండి. వీడియో పొడవుగా ఉందని మొత్తం చూపించాలనేమీ లేదు. నేనైతే మూడు నిమిషాలు దాటిన వీడియోని ఎక్కడ ఆపాలో ముందే కాగితం మీద రాసుకోకుండా తరగతిలోకి వెళ్లను.

•

మాది ఏజెన్సీ బడి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. పట్నం పిల్లల కంటే మా పిల్లలు వెనకబడిపోతారేమోనని భయం.
– ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ భయం న్యాయమైనదే, కానీ ఈ ముడి విప్పలేనిదేమీ కాదు. ఆ కోడ్‌లు తీసుకెళ్లేది 2017లో మొదలైన దీక్ష యాప్‌లోకి. అందులో పాఠాలను ముందే దించుకుని నెట్ లేకుండా చూపించవచ్చు. శనివారం మండల కేంద్రానికి వెళ్లినప్పుడు వచ్చే వారం పాఠాలు దించుకోండి. కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లతో మెమరీ కార్డులు మార్చుకోండి. ఇంకో మాట: మీ పిల్లల్లో ఇంట్లో కువి మాట్లాడేవాళ్లో, కొండదొర, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లో ఉంటే, పుస్తకపు తెలుగులో గలగలా సాగే వీడియో వాళ్లకు నెట్ ఉన్నా అందదు. శబ్దం తీసేసి బొమ్మ చూపిస్తూ వాళ్ల మాటలు కలిపి మీరే చెప్పండి. కరెంటు పోతే కంగారు పడకుండా అదే పాఠం సుద్దముక్కతో చెప్పగలిగేలా సిద్ధపడి వెళ్లండి.

•

మా అమ్మాయికి బడిలో ఇచ్చిన ట్యాబ్ వెనకభాగం కాస్త ఉబ్బింది. తెర అంచున సందు కనిపిస్తోంది. ఛార్జింగ్ ఎక్కుతోంది కదా అని వాడనిస్తున్నాం. పాడైందంటే డబ్బు కట్టమంటారేమోనని టీచరుకి చెప్పలేదు.
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: పై ఉత్తరాలకు కంగారు పడొద్దని రాశాను. మీకు మాత్రం ఈ పత్రిక కింద పెట్టి వెంటనే లేవమంటున్నాను. లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బితే తెర అలా పైకి లేస్తుంది. దాన్ని నొక్కినా, గుచ్చినా, ఛార్జింగ్ పెట్టినా అంటుకునే ప్రమాదం ఉంది. ఆఫ్ చేసి, పరుపులకూ బట్టలకూ దూరంగా గచ్చు మీదో సిమెంటు అరుగు మీదో నీడలో పెట్టి, రేపే బడిలో అప్పగించండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు అందిన నాటి నుంచి తల్లిదండ్రులకు నేను చెప్పే మాటొకటే: దిండు కింద పెట్టి తెల్లార్లూ ఛార్జింగ్ వద్దు. వాడగా వాడగా వెచ్చబడటం మామూలే. చెయ్యి పెట్టలేనంత కాలినా, ఘాటైన వాసన వచ్చినా, ఉబ్బినా మామూలు కాదు. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. దాచిపెట్టలేదన్న మాట మీకే మంచిది.

•

వానాకాలం. గోడలు చెమ్మగా ఉన్నాయి. ప్యానెల్ ముట్టుకుంటే నిన్న చెయ్యి జిల్లుమంది. పిల్లల్ని తాకనివ్వొచ్చా?
– ప్రధానోపాధ్యాయిని, తూర్పు గోదావరి

జవాబు: వద్దు మేడమ్, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా ఎవర్నీ తాకనివ్వకండి. పొడిగాలి రోజుల్లో ఒక్కసారి చిటుక్కుమనేది ఒంట్లోని స్థిర విద్యుత్తు, దానికి భయం లేదు. ముట్టుకున్న ప్రతిసారీ జిల్లుమంటే మాత్రం అది లీకేజీ. మెయిన్ దగ్గర ఆపి, ప్లగ్గు మీద "తాకరాదు" అని కాగితం అంటించండి.

•

మా స్కూల్లో ల్యాబ్ అంటే ఒక అద్దాల బీరువా, దానికో తాళం. విద్యుత్తు పాఠం కంప్యూటర్లో బొమ్మలతో చూపిస్తే సరిపోతుందా? మోసం చేస్తున్నానేమోనన్న అపరాధ భావం.
– ఫిజిక్స్ టీచర్, నల్గొండ

జవాబు: మోసమేమీ కాదు మాస్టారూ, బొమ్మను ఆఖరి మెట్టు చేయనంత వరకు. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలుపెట్టిన 'ఫెట్' సిమ్యులేషన్లు ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. అందులో వలయం కట్టి బ్యాటరీ వోల్టేజీ పెంచుతుంటే ఎలక్ట్రాన్లు జోరుగా కదలడం కనిపిస్తుంది. నిజం వైర్లో ఎంత కళ్లు చించుకున్నా అది కనిపించదు. కానీ వదులుగా ఉన్న తీగ వల్ల బల్బు వెలగకపోతే పడే చిరాకు, తీగ కొన గీకి మళ్లీ కడితే వచ్చే ఆనందం తెర ఇవ్వలేదు. కిరాణా కొట్లో దొరికే టార్చి సెల్లు, చిన్న బల్బు, జానెడు తీగ ప్రతి బెంచీకీ ఇచ్చి, ముందు చేత్తో వెలిగించనిచ్చి తర్వాత సిమ్యులేషన్ తెరవండి. ఆ బీరువా తాళం కూడా ఒకసారి తీయించండి, లోపల అమ్మీటర్లు ఉండే ఉంటాయి.

•

నేను తొమ్మిదో తరగతి. సార్ ట్యాబ్‌లో క్విజ్ పెడతారు. ఎవరు ముందు నొక్కితే వాళ్ల పేరు పైన వస్తుంది. నా పేరు ఎప్పుడూ కిందే. జవాబు తెలిసినా చేతులు వణుకుతాయి. క్విజ్ రోజు కడుపునొప్పి అని చెప్పి బడి ఎగ్గొట్టాను.
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: తల్లీ, నీకు జవాబు తెలుసని నువ్వే రాశావు. అంటే ఆ ఆట కొలుస్తున్నది నీ చదువుని కాదు, నీ వేలి వేగాన్ని. ఈ పేజీ కత్తిరించి మీ సార్‌కి చూపించు, లేదా అమ్మతో చెప్పించు. సార్, ఈ మాట మీకు: చాలా క్విజ్‌లలో గడియారాన్నీ పేర్ల వరసనూ తీసేసే వీలుంటుంది. ప్లికర్స్ అనే పద్ధతిలో అయితే పిల్లలకు ట్యాబులే అక్కర్లేదు. ఒక్కొక్కరికీ వేర్వేరు గళ్ల బొమ్మ ఉన్న కాగితపు కార్డు ఇస్తారు. ఎ, బి, సి, డిలలో తాము అనుకున్న వైపు పైకి తిప్పి పట్టుకుంటే మీ ఒక్క ఫోన్ కెమెరా అందరివీ చదివేస్తుంది. ఎవరు ఏది ఎంచుకున్నారో పక్కవాడికి తెలియదు, మీకు తెలుస్తుంది. తల్లీ, పరీక్ష ముందు గుండె కొట్టుకోవడం మామూలే. నిద్ర, తిండి చెడినా, బడికి పోవాలంటేనే ఏడుపొస్తున్నా పెద్దవాళ్లకు చెప్పు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

•

ఒక్కడినే టీచర్ని, అయిదు తరగతులు, ట్యాబ్ ఒకటి. అందరికీ న్యాయం చేయలేకపోతున్నానని రోజూ బాధ.
– ఎస్‌జీటీ, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అయిదు తరగతులు ఒక్కడు మోయడమే గొప్ప, బాధపడాల్సింది మీరు కాదు. ఆ ట్యాబ్‌ని అందరికీ పంచాలని చూడకండి. ఒక జట్టు పదిహేను నిమిషాలు దాని దగ్గర, ఇంకోటి పలకల మీద, మూడోది మీ దగ్గర, అలా తిప్పండి. జట్లు తరగతిని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి కట్టండి. ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలతో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయ్యాక మైండ్‌స్పార్క్ కేంద్రానికి వచ్చిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో బాగా ముందుకు వెళ్లారు. దాని కిటుకల్లా ఒకటే, ఏ తరగతి పిల్లవాడైనా సరే వాడు ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలుపెట్టింది. ఆ పని సుద్దముక్కతో కూడా చేయొచ్చు. మీరు ఇప్పటికే చేస్తూ ఉండి ఉంటారు.

•

మా తరగతిలో చూపు లేని అబ్బాయి చేరాడు. అందరూ తెర చూస్తుంటే వాడు తల వంచుకుని కూర్చుంటాడు. నాకు ఏం చేయాలో తోచడం లేదు.
– తెలుగు పండితురాలు, అనంతపురం

జవాబు: తోచడం లేదని రాశారంటే వాణ్ణి మీరు గమనించారన్నమాట, సగం పని అయింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెర మీది తెలుగు అక్షరాలను పైకి చదువుతుంది. పాఠాన్ని ఫొటోగా కాకుండా అక్షరాలుగా పంపితేనే అది సరిగ్గా చదవగలదు, ఇది మరిచిపోకండి. తెర మీద బొమ్మ వచ్చినప్పుడల్లా "ఇక్కడ చూడండి" అనడం మాని "ఎడమ పక్క మర్రిచెట్టు, కింద ఇద్దరు ముసలివాళ్లు" అని నోటితో చెప్పండి. చూపున్న పిల్లలూ అప్పుడే సరిగ్గా చూస్తారు, ఇది నా అనుభవం. బ్రెయిలీ నేర్పించడానికి మండలంలోని భవిత కేంద్రం రిసోర్స్ పర్సన్‌ని అడగండి. చదివి వినిపించే ఫోన్ వచ్చింది కదా అని బ్రెయిలీ మానేయనివ్వకండి, వాడికి అక్షరక్రమం తెలిసేది వేళ్లతోనే.

•

నేను కూలికి పోతాను. ఇంట్లో ఫోన్ ఒకటే, అది మా ఆయన దగ్గర. ఆయన రాత్రి తొమ్మిదికి వస్తాడు. వాట్సాప్‌లో హోంవర్కు పెడతారట. పిల్లాడు రాయలేదని నిలబెడుతున్నారు. వాడి చదువు చెడగొడుతున్నది నేనేనా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ (ఈ ఉత్తరం పక్కింటి అమ్మాయి రాసిపెట్టింది)

జవాబు: కాదమ్మా, ఎంతమాత్రం కాదు. హోంవర్కు చేరలేదు, అంతే; అది పిల్లాడి తప్పు కాదు, మీదీ కాదు. రేపు బడికి వెళ్లి "ఫోన్ రాత్రి దాకా ఉండదు సార్, బోర్డు మీద రాయించండి, పిల్లాడు ఎక్కించుకొస్తాడు" అని ఒక్క మాట చెప్పండి, చిన్నతనమేమీ లేదు. టీచర్లకు గుర్తు చేస్తున్నాను: 2020లో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఆన్‌లైన్ తరగతుల కోసం రాసినవే అయినా, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు విడతలు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు దాటొద్దన్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ ముందు కూర్చున్న పిల్లాడు ఈ లెక్కలో ఎక్కడున్నాడో చూడండి.

•

ప్రాజెక్టు వర్కు ఇస్తే ముప్ఫై మంది ఒకే జవాబు తెచ్చారు. అన్నీ చాట్‌జీపీటీవే. ఇక పిల్లలకు ఆలోచించడం రాదేమో అని బెంగ.
– ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: గైడ్లు చూసి దించిన తరం మనది కూడా. బెంగ తగ్గించుకోండి, ప్రశ్న మార్చండి. "నీటి కాలుష్యం గురించి రాయండి" అంటే యంత్రం రాస్తుంది. "మీ వీధి కుళాయి నీళ్లు ఉదయం, సాయంత్రం రెండు గ్లాసుల్లో పట్టి మూడు రోజులు చూసి రాయండి" అంటే పిల్లాడే రాయాలి. ఒకసారి అదే యంత్రం ఇచ్చిన జవాబును తెర మీద పెట్టి తప్పులు పట్టమనండి. మన ఊళ్ల, కవుల వివరాలు అడిగితే అది తడబాటు లేకుండా తప్పు చెబుతుంది, పిల్లలకు అదో వేట. పదమూడేళ్లు నిండనివారు వాడకూడదని, పద్దెనిమిది లోపువారికి తల్లిదండ్రుల అనుమతి కావాలని ఆ సంస్థ నిబంధన. ఆరో తరగతి వాడి చేతిలో కనిపిస్తే అది మాట్లాడాల్సిన విషయమే.

•

ప్రైవేటు స్కూలు యాప్‌లో పాప ఫొటో, ఆధార్, ఇంటి లొకేషన్ అడుగుతున్నారు. ఇవ్వకపోతే సీటు పోతుందేమోనని ఇచ్చేశాను. ఇప్పుడు భయంగా ఉంది.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీలా ఇచ్చేసినవారు వేలల్లో ఉంటారు, అందువల్ల పాపకు ఆపద వచ్చేసినట్టు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఏ వివరం దేనికో రాతపూర్వకంగా అడగండి, ఫోన్ సెట్టింగుల్లో యాప్‌కి లొకేషన్ అనుమతి తీసేయండి. తెలియనివాళ్లు పాప పేరుతో పిలిచి మెసేజ్‌లు పెడుతున్నా, డబ్బు అడుగుతున్నా వెంటనే 1930కి ఫోన్ చేయండి. పాపను ఎవరైనా బెదిరిస్తుంటే 1098కి చెప్పండి.

•

అమెరికాలో మా మనవడికి బడివాళ్లే క్రోమ్‌బుక్ ఇచ్చారు. నోట్‌బుక్కే కనిపించదు. వాడికి రాయడం వస్తుందా?
– ఒక అమ్మమ్మ, న్యూజెర్సీ (రాజమండ్రి నుంచి ఆరు నెలలకు వచ్చాను)

జవాబు: వస్తుంది అమ్మమ్మ గారూ, అక్కడ చాలా బడుల్లో ఇది మామూలే. వాడేం చేస్తున్నాడో వారంవారం మెయిల్‌లో పంపే ఏర్పాటు గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఉంది, మీ అమ్మాయిని టీచరుకి ఒక మాట రాయమనండి. రాత సంగతి మీ చేతిలోనే ఉంది. ఆరు నెలలుంటారు కదా, రాజమండ్రిలోని మీవాళ్లకు వారానికో ఉత్తరం వాడి చేత తెలుగులో రాయించండి. వంకరటింకర అక్షరాలకు భయపడకండి.

•

మా బడిలో ప్యానెల్‌కి పాత చీర కప్పి పెట్టారు. పాడైతే ఎవరు జవాబుదారీ అని హెచ్‌ఎం గారి భయం. తనిఖీ రోజున మాత్రం తీస్తారు. మేం పదో తరగతి. మాకు ఒక్కసారైనా చూపిస్తారా?
– కొందరు విద్యార్థులు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ హెచ్‌ఎం గారిని తప్పు పట్టకండి నాన్నా, సంతకం పెట్టి తీసుకున్న వస్తువు అంటే ఎవరికైనా గుండె దడే. సార్, వాడిన వస్తువు పాడైతే రిజిస్టర్లో తేదీ, లోపం రాసి, వారంటీ కాగితంతో ఫిర్యాదు పెట్టి ఎంఈవో గారికి తెలిపితే మీ పని మీరు చేసినట్టే. చీర కింద నెలల తరబడి ఉన్నదానికి దుమ్ము, చెమ్మ, ఎలుకలు ఎలాగూ తప్పవు. పిల్లలూ, మీలో ఇద్దరు వారం వంతున తెర తుడిచే బాధ్యత తీసుకుంటామని అడగండి. మెత్తటి పొడి గుడ్డతో, స్విచ్ ఆపాక. నీళ్లు చల్లకండి, డస్టర్ అస్సలు వాడకండి. మొదటి రోజు త్రికోణమితి వేయించుకోండి, కొలిచేది మాత్రం మీ బడి జెండా కర్ర నీడని.